ముప్పై ఏడు కిలోలు

నిజం చెప్పండి, అంటాను బరువు అడిగినప్పుడు.
పెద్దవాళ్లు రెండు మూడు తగ్గించి చెబుతారు,
పిల్లలు ఒకటి కలిపి.
గాలి దగ్గర ఆ లెక్కలు చెల్లవు.

కలినా బూట్లు విప్పి కాటా ఎక్కింది,
మా నాన్న కాలం నాటి చేపల కాటా.
ముప్పై ఏడు.
వాళ్లమ్మ వెనక నుంచి అంది:
"ఎదిగే పిల్ల, హాల్ష్కా. కాస్త మడత వదిలి కుట్టు.
వచ్చే ఏడు కూడా రావాలి."
పుట్స్క్ రేవులో ఆమె పొగబెట్టి అమ్మే ఈల్ చేపల వాసన
ఇచ్చిన నోట్లకి కూడా ఉంది.

గౌనుకైతే వదలొచ్చు.
పందెం తెరచాపకి రేపు అనేది లేదు.
ఇవాళ్టి ఒంటికి, ఇవాళ్టి చేతుల బలానికి కుడతాం.
అంచుల్ని కంటికి ఆననంత వంపుగా కోసి
ముక్కకి ముక్క కలిపితే
పలకలాంటి గుడ్డకి బొజ్జ వస్తుంది.
ఎంత లోతు బొజ్జ, ఎక్కడ లోతు?
ముప్పై ఏళ్లుగా నన్ను తినేస్తున్నవి ఆ రెండు ప్రశ్నలే.

మే నెల, అఖాతం మీద చలి ఇంకా దిగలేదు.
కలినా తొట్టిలాంటి పడవలో,
పక్కనే అలాంటి తొట్టిలోనే సెవెరిన్.
మోటారు పడవలో వెనకాలే బ్రూనోన్, నేను.
ఒక చుట్టు అయ్యాక పడవలు మార్చుకోమన్నాను,
తేడా గుడ్డదా పిల్లదా తెలియాలి కదా.

నీటి మీద నల్లగా ముడతలు పడుతూ గాలి వచ్చింది.
పడవ ఒరిగింది. కలినా వీపు నీళ్లకి తగిలేదాకా వాలింది.
చాలలేదు. తాడు వదిలేసింది.
తెరచాప చప్పట్లు కొట్టింది.
తెరచాప చప్పట్లు కొడితే
ఓడిపోతున్నామని అర్థం.

"బాగుంది" అంది ఒడ్డుకొచ్చి.
అమ్మ డబ్బు కట్టిన వస్తువుని పిల్లలు బాగుందనే అంటారు.
అరచేతులు చూపించమన్నాను.
అడ్డంగా ఎర్రటి గీత.
బ్రూనోన్ దూరం నుంచే మూడు వేళ్లు ఎత్తాడు:
మూడు మిల్లీమీటర్లు.

ఆ రాత్రి రెండు కుట్లు విప్పాను.
బొజ్జ తగ్గించి మళ్లీ కుట్టాను.
పాత సూది రంధ్రాలు మాత్రం అలాగే ఉండిపోయాయి,
పక్కన ఇంకో వరసగా.
నూలుగుడ్డ అయితే మరిచిపోయేది. డాక్రాన్ మరిచిపోదు.

మర్నాడు అదే గాలి.
ఇటువైపుదీ అటువైపుదీ, ఎర్ర ఊలు పోగులు రెండూ
జంటగా వెనక్కి పడుకున్నాయి.
కలినా ఈసారి బాగుంది అనలేదు.
మా వైపు చూడనే లేదు.

ఆగస్టుకి నలభై ఒకటిన్నర.
మోచేతులు స్వెట్టర్లోంచి బయటికొచ్చాయి.
సన్నగాలిలో తనకన్నా చిన్నవాళ్లు దాటిపోతుంటే
గుడ్డని తిట్టిందట, తర్వాత ఏడ్చిందట.
వాళ్లమ్మ తెరచాప తెచ్చి నా బల్ల మీద పెట్టింది.
మడత వదలమన్నాను కదా, అని నోటితో అనలేదు.

కిటికీకి అడ్డంగా పట్టి చూశాను.
కుట్టు పక్కనే చుక్కలు చుక్కలుగా వెలుతురు:
మే నెలలో నేను చేసిన తప్పు,
రంధ్రానికి రంధ్రం, చెక్కు చెదరకుండా.

నేను గీత గీయలేదు, కొలవలేదు.
పాదం కింద గుడ్డ నడిపిస్తుంటే
సూది తన పాత ఇళ్లలోకి తానే దిగింది.

"చూశావా, వదిలావుగా" అంది వాళ్లమ్మ,
మూడు నెలల తర్వాత మొదటిసారి నవ్వి.
కాదని చెప్పాలని నోరు తెరిచాను.
కుట్టుకూలి కింద ఒక ఈల్ చేప
కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది.

రాత్రి బ్రూనోన్, నేను చెరి సగం తిన్నాం.
అతనికి తెలుసు.
ముళ్లు తీసి పళ్లెం అంచున
వరసగా పేర్చుకుంటూ కూర్చున్నాడు.